వాలుగ పురుడు

వాన పడితే నా దుకాణం పడుకుంటది. నిజామాబాద్‌లో కాలిపోయిన మోటర్లకు వైండింగ్ చేసేవాడిని నేను. ఎండాకాలం నాకు తీరిక ఉండదు. బోర్లు ఎండుతయి, మోటర్లు కాలుతయి, రైతులు వాటిని ఆటోల్లో వేసుకొచ్చి జ్వరమొచ్చిన పిల్లగాండ్లను పండబెట్టినట్టు నా ముందు పండబెడతరు. తొలకరి వాన గట్టిగా ఒకటి పడిందంటే మాత్రం ఆ రోడ్డు మీద నన్ను అడిగే మనిషి ఉండడు. అప్పుడు నా చేతులు ఊరుకోవు. రాగితీగ లేకున్నా వేళ్ళు గాలిలోనే చుట్లు చుడుతుంటయి. ఇంట్లో కూర్చుందామంటే బీడీలు చేసుకునే నా భార్య, "నువ్వు గిట్ల గడపలకెల్లి అటూ ఇటూ తిరుగుతుంటే నాకు ఆకు కత్తిరించుడు వస్తలేదు, ఎటన్న పో" అంటది. అట్ల ప్రతి ఏడు తొలి వానలకు నేను బోధన్ బస్సెక్కి మా అక్క ఊరికి పోత.

అక్క ఊరు మంజీరకు దగ్గర. ఒకప్పుడు అక్కడ ఏ దిక్కు చూసినా చెరుకే. ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరుకు తగ్గి వరి వచ్చింది. మా బావ మస్కట్‌లో ఉంటడు, ఫోన్లో తప్ప కనబడడు. పొలం, బర్రె, ఇల్లు అన్నీ అక్కవే. ఈసారి నేను పోయేసరికి ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది. అక్క బిడ్డ తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన దినాలు దగ్గరపడ్డయి. పిల్ల మంచం మీద కూర్చుంటే లేవాలంటది, లేస్తే కూర్చోవాలంటది. అక్క ఆమెను చూసుడు, మొగులు దిక్కు చూసుడు, నారుమడిని చూసుడు, మళ్ళ ఆమెను చూసుడు. ఆ ఇంట్లో నిమ్మళంగా ఉన్నది బర్రె ఒక్కటే.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలె. నిజామాబాద్‌లో మా దుకాణం ముందటి హోటల్ల నన్ను కూర్చోబెట్టి చాయ తాగించేది నా మీద ప్రేమతో కాదు. నేను ముచ్చట చెప్తనని. వాళ్ళు వాటిని గప్పాలు అంటరు. అననియ్యి. వాటిల్లో అందరికీ తెలిసిన ముచ్చట వాలుగది. మంజీర వాలుగ తొలి వానకు పొలాలెక్కి గుడ్లు పెట్టుడు నేను కండ్లారా చూసిన్నని ఎన్నో ఏండ్లుగా చెప్తున్న. చెప్పినప్పుడల్లా చేప కొంచెం పెరుగుతది. ఒక ఏడు దాని మీసాలు కరెంటు స్తంభానికి చుట్టుకున్నయి. పోయినేడు అది బోధన్ బస్సంత అయింది, కండక్టర్ దాన్ని చూసి ఆగిండు.

నేను చూసింది లేదు. చూసింది మా బాపు. బాపు చెరుకు బండి తోలేటోడు, మంజీర ఒడ్డున ఎడ్లు కడిగేటోడు. ఆయన చెప్పేటిది ఇంతే: "వాలుగ ఏడాదంతా గుండంల పండుకుంటది. ఒంటికి పొలుసుండది, నోటి నిండ పండ్లుంటయ్. పక్కపొంటి ఏ చాప పోయినా మింగుతది, తన జాతి అని గూడ సూడది. గసోంటి దానికి గూడ నొప్పులొచ్చే యాళ్ళకు తల్లిగారిల్లు యాదికొస్తది. తొలి వాన నీళ్ళు మంజీరల కలవంగనే ఆ వాసన పట్టుకొని, వాగులకెల్లి ఒర్రెలకు, ఒర్రెలకెల్లి పొలంలకు ఎదురెక్కుతది. తను ఏ పొలంల పుట్టిందో గా పొలానికే వస్తది. ఇయ్యాల పెడితే రేపటికి పిల్లలు."

పుట్టిన పొలానికే వస్తదా రాదా, ఏ చేపను అడగాలె. అది బాపు కలిపిన మసాలా అనుకుంట. మిగిలినదంతా నిజమేనని నాకు నమ్మకం. కానీ కండ్లతో చూడలేదు. ప్రతి తొలకరికి అక్క ఊరికి వచ్చి ఒర్రె గట్టు మీద నిలబడుడు, వాన చాలక నీళ్ళు పొలం దాకా ఎక్కకపోవుడు, తిరిగిపోయి హోటల్ల చూసినట్టు చెప్పుడు. ఇదే నడిచింది.

ఈసారి వాన రాత్రంతా కొట్టింది. తెల్లవారి తెరిపి ఇచ్చేసరికి నేను చెప్పులు లేకుండనే పొలానికి పోయిన. ఒర్రె నిండి, గట్టు మీదికెల్లి పారి, అక్క పొలంలో మోకాలి లోతు నీళ్ళు నిలిచి ఉన్నయి. ఒర్రె ఏది, పొలం ఏది తెలుస్తలేదు. మూలకు పోయినేటి గడ్డి మునిగి, చివర్లు మాత్రం బయటికి ఉన్నయి. ఆ మూలకెల్లి చప్పుడు వచ్చింది. చాకిరేవుల తడి దుప్పటి బండ మీద కొట్టినట్టు. ఇంత పొద్దుగాల ఎవరు ఉతుకుతున్నరు అనుకున్న.

రెండు వాలుగలు. తెల్లటి వీపులు నీళ్ళ మీదికి తేలి ఉన్నయి. ముందటిది పెద్దది, కడుపు బరువుతో ఒక పక్కకు వాలుతున్నది. వెనకటిది సన్నటిది, దాని చుట్టూ తాడు లెక్క మెలి తిరుగుతున్నది. మెలి తిరిగినప్పుడల్లా తోక బయటికొచ్చి నీళ్ళను కొడుతున్నది. కొంచెం సేపు చప్పుడుండదు, రెండూ గడ్డిలోకి పోతయి. మళ్ళ మీదికొస్తయి, మళ్ళ మెలి, మళ్ళ దెబ్బ. నా ఎదురుంగ బురద నీళ్ళు పాల లెక్క తెల్లబడ్డయి. నేను మెల్లగ నీళ్ళల్ల దిగి నిలబడ్డ. ఎన్నో ఏండ్లుగా చెప్తున్న అబద్ధం వచ్చి నా మోకాళ్ళకు తోక తాకించి పోతుంటే మనిషి ఏం చేస్తడు?

పెద్దది నా అంత పొడుగున్నది. ఇది మాత్రం పెంచి చెప్తలేను. సరే, నా భుజందాకా.

పనైపోయినంక రెండూ గట్టు మీదికెల్లి జారి ఒర్రెలో పడ్డయి. వెనక్కి తిరిగి చూడలేదు. నేను వంగి గడ్డి పట్టుకున్న. పరక పరకకు గింజలు అంటుకొని ఉన్నయి, లేత పసుపు పచ్చగ, లోపల వెలుతురు ఉన్నట్టు. వేలితో నూకితే ఊడిరాలేదు.

అప్పుడు యాదికొచ్చింది. ఇంకొంచెం సేపైతే ఈ మడిలోకి ట్రాక్టర్ దిగుతది. కేజీవీల్స్ అనే ఇనుప చక్రాలు వేసుకొని, నీళ్ళు మన్ను గడ్డి అన్నీ కలిపి బురద చేస్తది. గుడ్డు గింజ మిగలదు. ఈ గుడ్లకు కావలసింది ఒక్కటే ఒక్క దినం. ఆ దినం ఎట్లన్న ఆపాలె అనుకొని ఉరికిన.

అక్క బర్రె పాలు పిండుతున్నది.

"అక్కా, ఇయ్యాల ట్రాక్టర్ వద్దు."

"ఎందుకు?"

"మన పొలంల వాలుగ గుడ్లు పెట్టింది. గిప్పుడే సూసొచ్చిన."

అక్క పొదుగు వదల్లేదు, తల తిప్పలేదు. "ఎంతున్నది?"

"నా భుజందాకా."

"పోయినేడు బస్సంత అంటివి. బక్కగైంది పాపం, తిండి దొరుకుతలేనట్టున్నది."

"నిజమక్కా. నా మీద ఒట్టు."

"నీ మీద ఇప్పటికే శాన ఒట్లున్నయ్ తమ్మీ, ఇంకొకటి వెడితే కూలవడ్తవ్. నా నారు ముదురుతున్నది. గీ ట్రాక్టర్ వంతు తప్పితే మల్ల ఎప్పుడొస్తడో. ఒక్క దినం అంటవ్ నువ్వు, గా ఒక్క దినంకు వాడు వారం తిరిగొస్తడు. నీ చాపకు చెప్పు, వచ్చేడు రమ్మని."

మంచం మీది నుంచి అక్క బిడ్డ, "మామా, నేనొచ్చి సూడాల్నా?" అన్నది.

"నువ్వు గడప దాటినవంటే కాళ్ళిరగ్గొడత" అన్నది అక్క. అదే సమయానికి ఆమె ఫోన్ మోగింది. చేతులకు పాలు. "ట్రాక్టరాయనే. ఎత్తి దారి చెప్పు. ఒర్రె దిక్కు రావద్దు, పైనుంచి రమ్మను."

ట్రాక్టర్ పిల్లగాడు మోస్రాలో ఉంటడు. అక్క అల్లుడికి చిన్నమ్మ కొడుకు. ఆ చుట్టరికం మీదనే వంతు దొరికింది. నేను ఫోన్ పట్టుకొని వాకిట్లకు పోయిన. అవతల ఇంజన్ స్టార్ట్‌లో ఉన్నది, దడదడదడ.

"అన్నా, బయలెల్తున్న. దారి ఎట్లున్నది?"

"తమ్మీ, ఇయ్యాల రాకు" అన్న. అని మొత్తం చెప్పిన. వాన, ఒర్రె, రెండు వాలుగలు, గడ్డి, గింజలు. ఇంత సక్కగా, ఇంత పొందికగా నేను ఏ ముచ్చటా చెప్పలేదు, ఎందుకంటే కలపాల్సిన పని లేకుండె. వాడు మధ్య మధ్య "ఆఁ? ఆఁ?" అంటున్నడు.

"ఏందన్నా, పురుడా?"

"పురుడే తమ్మీ. తెల్లారంగనే అయింది. గందుకే రావద్దంటున్న."

"తల్లి ఎట్లున్నది?"

"తల్లి పోయింది. కనంగనే పోయింది. ఆగలె."

ఇంజన్ బందైంది. తర్వాత గొంతు తగ్గించి, "అయ్యో. సరే అన్నా, నేను రాను. మీరు పైలం. అక్కను పైలంగ సూసుకో" అని పెట్టేసిండు.

నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇంత కాలానికి నా మాట నమ్మిన మనిషి దొరికిండు. అది కూడా ఒక చేప గుడ్ల మీద ఇంత జాలి ఉన్న మనిషి. మోస్రాలో ఇటువంటి పిల్లగాండ్లు ఉన్నరని నాకు తెలియదు అనుకున్న.

అక్కకు మాత్రం, "ఇంజన్ల ఏదో మొరాయించిందట, రేపొస్తడట" అని చెప్పిన. ఆమె పాల చెంబు కింద పెట్టిన తీరు చూసి పొలానికే నడిచిన.

ఇంక ఆ దినం నా కాళ్ళు నేల మీద నిలువలేదు. పొద్దెక్కినకొద్దీ ఎండ కాసింది. వాన నీళ్ళు ఎంత తొందరగా వస్తయో అంత తొందరగా పోతయి. నేను గట్టు తెగిన చోటల్లా మట్టి వేసి తొక్కిన. ఒక దిక్కు కడితే ఇంకో దిక్కు కారుతది. మూలకున్న గడ్డి చివర్లు మెల్లగ బయటపడుతున్నయి, వాటి మీది గింజలు ఎండకు మెరుస్తున్నయి. ఉరికి ఇంటికి పోయి గోనె సంచులు తెచ్చి, తడిపి, గడ్డి మీద కప్పిన. సంచులు ఆరకముందే మళ్ళ తడిపిన. ఇంతట్ల కొంగలు వచ్చినయి. వాటికి ఎవరు చెప్తరో ఏమో. తువ్వాల తిప్పుకుంట ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీదికి, ఆ గట్టు మీద నుంచి ఈ గట్టు మీదికి. అవి నాలుగడుగులు ఎగిరి కూర్చుంటయి, నన్ను చూస్తయి. నేను కూర్చుంటే అవి వస్తయి.

అక్క గడ్డికి వచ్చి గట్టు మీద నిలబడి చూసింది.

"కొంగలు కొట్టే నౌకరి దొరికింది నీకు. జీతమెంత?"

"ఒక్కసారి దిగి సూడక్కా. నీ కండ్లతోని సూడు."

దిగింది. సంచి ఎత్తింది. ఒక పరక తెంపి, వేలితో గీకి, మూతి తిప్పింది. "ఇది సాబుదాన. ఎవలో ఒక్కపొద్దులోళ్ళు వండుకొని మిగిలింది ఒర్రెల పారవోసిన్రు. గది కొట్టుకొచ్చి అంటుకున్నది."

"సాబుదాన పరక పరకకు కూసుంటదా అక్కా, వరుసగ?"

"గుడ్లైతే తల్లి ఏది మరి? బర్రె ఈనితే దూడ పక్కన ఉంటది. కోడి పొదుగుతది. మీది ఎసోంటి తల్లి?"

నేను సంచి మళ్ళ గడ్డి మీద కప్పిన. తల్లి పోయిందని పొద్దుటి నుంచి నేనే చెప్తున్న కదా.

మధ్యాహ్నం దాటింది. నేను మోకాళ్ళ మీద కూర్చొని సంచులు తడుపుతుంటే ఊరి దారిలో ఒక ఆటో కనబడ్డది. ఆటో వచ్చే తీరు బాగలేదు, గుంతలు చూడకుండ వస్తున్నది. ఆటో చప్పుడు కన్నా లోపలి చప్పుడు పెద్దగున్నది. ఎవరో ఆడమనిషి శోకం తీస్తున్నది. ఎవరికి ఏమైందో అనుకున్న. ఆటో తిన్నగ మా అక్క ఇంటి దిక్కు మలిగింది. ఎండకు నెత్తి మీద వేసుకున్న గోనె సంచి అట్లనే ఉండంగ ఉరికిన.

నేను చేరేసరికి ఆటో వాకిట్ల ఆగి ఉన్నది. తోలింది అక్క అల్లుడు. ఆర్మూర్ దిక్కు ఆటో నడుపుతడు. కండ్లు ఎర్రగున్నయి, హ్యాండిల్ వదులుతలేడు. వెనక నుంచి అతని తల్లి, అంటే మా అక్క వియ్యపురాలు, దిగింది. వాళ్ళది మెండోర, గోదావరి ఒడ్డు. అక్కడి నుంచి ఇక్కడి దాకా ఏడ్చుకుంట వచ్చింది. గట్టి మనిషి. కోడలికీ ఆమెకూ పొయ్యి దగ్గర మొదలైతే వాకిలి దాకా నడుస్తదని మాకు తెలుసు. ఆమె రెండు చేతులతో రొమ్ము కొట్టుకుంట లోపలికి వచ్చింది.

"ఓ నా బిడ్డా, నా ఇంటి దీపమా. ఎన్నడు నాకు ఎదురు మాట చెప్పకపోతివి బిడ్డా. ఎంత కారమేసినా తింటివి బిడ్డా..."

అక్క బిడ్డ గద్దె మీద కూర్చొని తొక్కుతో అన్నం తింటున్నది. ముద్ద నోటి దాకా పోయి ఆగింది. వియ్యపురాలు ఆమెను చూసింది. చూసినా శోకం వెంటనే ఆగలేదు, దిగుడులో ఉన్న సైకిల్ లెక్క ఇంకొంచెం దూరం పోయింది. "గంత మంచి పిల్లవు గద బిడ్డా..."

"అత్తా" అన్నది పిల్ల, ముద్ద పట్టుకొని. "నేనేనా? నేను ఎదురు మాట చెప్పలేదా?"

వియ్యపురాలు ఉన్నచోటనే కూలబడ్డది. కాసేపు కోడలి మొఖం, కోడలి కడుపు, కోడలి చేతిలోని ముద్ద చూసింది. "నీళ్ళియ్యిరి" అన్నది. తాగింది. చెంబు ఖాళీ చేసి పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకొని, అప్పుడు అడిగింది.

"ఫోన్ల మాట్లాడినోడెవడు?"

అందరూ నా దిక్కు చూసిన్రు. నేను నడుము దాకా బురదతో, నెత్తి మీద గోనె సంచితో నిలబడి ఉన్న.

"ఏమన్నవన్నా నువ్వు మా మోస్రా పిల్లగానితోని?"

"పురుడైందన్న."

"ఎవలికి?"

"వాలుగకు."

"తల్లి పోయిందన్నవట."

"పోయింది చెల్లె."

"ఏడికి?"

"మంజీరకు."

అల్లుడు ఆటో మెట్టు మీద కూర్చొని మొఖం రెండు చేతులతో కప్పుకున్నడు. భుజాలు ఊగుతున్నయి. నవ్వుతున్నడో ఏడుస్తున్నడో నాకు తెలియలేదు, అడగలేదు. మా అక్క చీపురు కోసం చూసింది. చీపురు నా వెనక గోడకు ఉన్నది. ఆ దినం నా అదృష్టం అంతే.

"ఇంజన్ మొరాయించిందంటివి" అన్నది అక్క.

"ఇంజన్ గూడ బందైందక్కా. నా మాట ఇన్నంక."

అబద్ధం ఎక్కడుంది, మీరే చెప్పండి. నేను ఆ ఫోన్లో అన్నవన్నీ నిజాలు. ఎవరో ఇంజన్ చప్పుడులో వాటిని తప్పు విన్నరు. ఇది నేను ఆ వాకిట్లనే చెప్పిన, ఇప్పుడూ చెప్తున్న. అప్పుడు ఎవరూ వినలేదు.

వియ్యపురాలు లేచింది. "నాకు సూపియ్యి" అన్నది.

"ఏంది చెల్లె?"

"గా పురుడు. ఫోన్ చేసి అడగ ధైర్యం చాలక మెండోర నుంచి ఏడ్చుకుంట వచ్చిన. ఎవలి పురుటికి ఏడ్చిన్నో నేను సూడాలె."

అందరం పొలానికి పోయినం. పిల్ల కూడా వస్తనని మొండికేసింది. ఈసారి అక్క ఆపలేదు, అత్త ఆమె జబ్బ పట్టుకొని నడిపించింది. వియ్యపురాలు చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి నీళ్ళల్ల దిగి, సంచి ఎత్తి, ఒక పరక ఎండకు పట్టి చూసింది. నేను పక్క నుంచి చూసిన. ఒక గింజలో నలుసు కదిలింది. నాకు కదిలినట్టే కనబడ్డది.

"కదిలింది సూడు" అన్న.

"కదిలింది నా చెయ్యి" అన్నది ఆమె. "ఎప్పుడు పిల్లలైతయ్?"

"రేపటికి."

"సరే, ఉంట. రేపు పొద్దుగాల గిండ్ల పిల్లలు లేకుంటే నీ మీసం తీపిస్త. వాలుగకు మీసమున్నా అర్థమున్నది. నీకెందుకు?"

నేను ఒప్పుకున్న. ఒప్పుకోక ఏం చేస్త?

ఆ రాత్రి ఎవరు పడుకున్నరో నాకు తెలియదు, నేను మాత్రం పడుకోలేదు. గట్టు ఎక్కడన్న తెగిందా, నీళ్ళు కారుతున్నయా, వాన వస్తదా రాదా. మీసం మీద చెయ్యి పోయినప్పుడల్లా తీసేసిన. మంచానికి అవతల నుంచి అత్తా కోడళ్ళు గుసగుసగా కొట్లాడుకుంటున్నరు. "నేను ఎదురు మాట చెప్తనని ఊరంత చెప్తివి గద, మరి శోకంల గట్లెందుకన్నవ్?" అని పిల్ల. "శోకంల ఎవలన్న నిజం చెప్తరా, పండు" అని అత్త.

తెల్లారి అందరికన్నా ముందు నేనే పొలంలో ఉన్న. సంచి ఎత్తిన. గడ్డి పరకల మీద ఏమీ లేదు. ఇంకో సంచి ఎత్తిన. అక్కడా లేదు. పచ్చటి గడ్డి, బురద నీళ్ళు, అంతే. కొంగలు తిన్నయా, కుళ్ళి రాలినయా, కట్ట తెగి కొట్టుకుపోయినయా? నీళ్ళు నిన్నటికన్నా తగ్గి ఉన్నయి. వెనక నుంచి అక్క గొంతు వినబడ్డది. "సాబుదాన కరిగిపోయింది" అన్నది. ఎప్పుడూ అనే తీరుగా కాదు, కొంచెం మెత్తగనే అన్నది. అది నాకు ఇంకా కష్టమైంది.

వియ్యపురాలు చేతిలో స్టీలు చెంబుతో వచ్చింది, మొఖం కడుగుదామని. ఒంగి నీళ్ళు ముంచింది. ముంచి, పారబోయబోయి ఆగింది. చెంబు మొఖానికి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు అట్లనే చూసింది. నేను పోయి చూసిన. కంటి వెంట్రుకలంత ఉన్నయి. ఒక కొనకు చుక్క, రెండో కొన టకటక కొట్టుకుంటున్నది. ఒకటి కాదు, చెంబు నిండ. అవి కింద పడతయి, ఎగిరి మీదికొస్తయి, మళ్ళ పడతయి. ఒక్క క్షణం ఊరుకుంటలేవు. వాటిని చూస్తుంటే నా రాగితీగ వేళ్ళు యాదికొచ్చినయి.

చెంబు అక్క చేతికిచ్చింది. అక్క చూసి, నన్ను చూసి, మళ్ళ చెంబు చూసింది.

"మీసం ఉండనియ్యి నీకే" అన్నది వియ్యపురాలు. ఆ మధ్యాహ్నం కొడుకుతో ఆటోలో మెండోరకు పోయింది. పోయేటప్పుడు కోడలికి ఏదో చెప్పింది. కోడలు ఎదురు చెప్పింది. అప్పుడు నాకు కొంచెం మనసు కుదుటపడ్డది.

ఆ చెంబు పిల్ల తన మంచం పక్కన పెట్టుకుంది. పొద్దస్తమానం దాంట్లోకి చూసుడే. రెండు మూడు దినాలకు వాటికి కండ్లొచ్చినయి, మూతులొచ్చినయి, మూతి పక్కన వెంట్రుక కన్నా సన్నటి మీసాలు వచ్చినయి. ఒక పొద్దు నన్ను పిలిచింది.

"మామా, పిల్లలు తగ్గుతున్నయ్. ఉన్నయేమో లావైతున్నయ్."

చూసిన. ఒకదాని మూతిలో ఇంకోదాని తోక ఉన్నది. మింగేదానికీ మింగబడేదానికీ పెద్ద తేడా లేదు, ఒకటే తల్లి బిడ్డలు, ఒకటే పరక మీద పుట్టినయి. అక్క వచ్చి భుజం మీది నుంచి చూసింది.

"గీళ్ళ కోసమా నా నారు ముదరవెట్టినవ్?"

ఆమె మాటలో న్యాయమున్నది. మోస్రా పిల్లగాడు ఆటో వచ్చిన దినం సాయంత్రానికే ఫోన్ చేసి, సిగ్గుపడి, వంతు వేరేవాళ్ళకు ఇచ్చిన్నని చెప్పిండు. అక్క చెప్పినట్టే వారం తిరిగి వచ్చింది ట్రాక్టర్. వచ్చిన పొద్దు నేను ముందే పోయి ఒర్రె దిక్కు గండి కొట్టిన. పొలం నీళ్ళు ఎర్రగ పారుకుంట పోయినయి. చెంబులో మిగిలినవి కూడా తెచ్చి ఆ పారకంలో ఒంపిన. అవి పోయినయి, వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి బుద్ధులే. ఆ నీళ్ళల్ల ఇంకా ఎన్ని పోయినయో, ఎన్నింటిని ఎన్ని తిన్నయో, మంజీర దాకా ఎన్ని చేరుతయో నాకు తెలియదు. ట్రాక్టర్ చక్రాలు దిగే దాకా నేను గండి దగ్గరనే నిలబడ్డ.

నారు ముదిరింది కాబట్టి అక్క కుదురుకు రెండు నారు మొక్కలు ఎక్కువ పెట్టించి నాటేయించింది. నారు కట్టలు మాత్రం మొత్తం నాతోనే మోయించింది. నడుము ఇప్పటికీ పట్టేస్తది.

నాట్లు ఇంకా అయిపోలేదు, పిల్లకు నొప్పులు లేచినయి. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయినం. అక్క లోపల, నేను వరండాలో. ఆ వరండా పొడుగు నా కాళ్ళకే ఎరుక. ఒక పక్క నల్లా కారుతున్నది, దాని మోటరు చప్పుడు వింటే బేరింగ్ పోయినట్టున్నది. విప్పి చూద్దామా అని ఒకసారి అనుకున్న కూడా, చేతులకు అంత పని లేక. చివరికి నర్సు తలుపు తీసి ఆడపిల్ల అన్నది. అక్క తల బయటపెట్టి, "మెండోరకు ఫోన్ చెయ్యి" అన్నది.

"నేను చెయ్య. నువ్వే చెయ్యి."

"నా చేతులల్ల పిల్ల ఉన్నది. నువ్వొక్కనివే ఖాళీగున్నవ్."

చేసిన. వియ్యపురాలే ఎత్తింది.

"చెల్లె, పురుడైంది."

"ఏ చాపకు?"

"మీ కోడలికి. ఆడపిల్ల."

"తల్లి?"

ఈసారి నేను ఒక్కో మాట తూకమేసి చెప్పిన. "ఉన్నది. ఏడికి పోలె. మంచం మీదనే ఉన్నది. చాయ అడుగుతున్నది."

"పిల్లను ఏడిపియ్యి, దాని గొంతు ఇంట."

పిల్లను అక్క తలుపు దగ్గరికి తెచ్చింది. అది మూతి బిగించి పడుకున్నది. పాదం గిల్లుదామంటే మనసొప్పలేదు. నేను ఫోన్ మూతికి దగ్గర పెట్టుకొని, గొంతు సన్నం చేసి, చంటిపిల్ల లెక్క ఏడ్చిన. వరండాలో ఉన్నోళ్ళంతా తిరిగి చూసిన్రు.

"గది నీ గొంతు" అన్నది వియ్యపురాలు.

నా ఏడుపుకు పిల్ల లేచింది. ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మెండోర దాకా ఫోన్ లేకున్నా వినబడేటట్టు అందుకున్నది. నేను ఫోన్ దాని నోటి దగ్గర పట్టుకున్న. అవతల వియ్యపురాలు ఎవరినో ఆటో తియ్యమని కేకేసుడు వినబడ్డది.

"వస్తున్నం" అన్నది. "చాపైతే మాత్రం పులుసు వెట్టుకొని తిని పోతం."